వాకిట్లో ఊగుడు కుర్చీ

మా ఇంట్లో కుర్చీల గొడవ ఇప్పటిది కాదు. హిందూపురంలో మాకు తాత కాలం నుంచి ఇనుప సామాన్ల అంగడి ఉంది. మేకులు, గొళ్ళేలు, గొలుసులు అమ్ముకునేవాడికి పాత కుర్చీల పిచ్చి ఎందుకు పట్టిందో నాకే తెలియదు. అందులోనూ ఊగుడు కుర్చీలు. అంగడి వెనక గోడౌనులో సగం అవే. మా ఆవిడ అటువైపు వచ్చిందంటే, "ఇన్ని కుర్చీలుండాయి, మనిషి కూచునేదానికి మాత్రం తావు లేదు" అని ఒక మాట అనకుండా పోదు.

వినేవాళ్ళు దొరికితే చాలు, వాటి సంగతి చెప్పకుండా నేనూ వదలను. ఊగడం మనవాళ్ళకు కొత్త కాదు, ఉన్నవాళ్ళ ఇళ్ళల్లో ఉయ్యాలబల్ల ఉండేది. కానీ ఉయ్యాలబల్లకు గట్టి దూలం కావాలి, గొలుసులు కావాలి. ఈ కుర్చీకి అవేవీ అక్కర్లేదు, ఎక్కడ పెడితే అక్కడ ఊగుతుంది. ఇంగ్లండులో పుట్టిందంటారు కొందరు, అమెరికాలో అంటారు ఇంకొందరు. మన వైపుకు మాత్రం దొరలతోనే వచ్చింది. వాళ్ళు పోయేటప్పుడు కొన్ని వేలంలో పోయాయి, కొన్ని పనివాళ్ళకు దక్కాయి. వాటిని చూసి మన వడ్రంగులు టేకుతో సొంతంగా చేశారు. ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారుల ఇళ్ళల్లో అట్లాంటివి చాలా చూశాను. కూర్చుని మడమలు కాస్త ఎత్తితే ఒళ్ళు దానంతటదే తేలికవుతుంది. చంటిపిల్లలకు తప్ప ఎవరికీ దక్కని సుఖం అది. ఇవన్నీ నేను గొప్పగా చెప్పుకునే మాటలు. ఈ మధ్య చెప్పబోతే నోరు రావడం లేదు.

పోయిన వేసవిలో ఒక అమ్మాయి తలుపు గొళ్ళెం కోసం అంగడికి వచ్చింది. హిందూపురంలోనే ఒక ఆసుపత్రిలో నర్సు. గోడౌను తలుపు తీసి ఉండటంతో లోపలి కుర్చీలు ఆమె కంటబడ్డాయి.

"అన్నా, ఇట్లాంటిది మా అవ్వకాడ ఒకటి ఉండాది. కాకపోతే అది ఊగదు."

"ఊగనిది ఊగుడు కుర్చీ ఎట్లవుతుందమ్మా?"

"ఒకప్పుడు ఊగేదంట. మళ్ళీ ఊగేటట్ల చేయించమని ఊరికి పోయినప్పుడల్లా మా అవ్వ పోరు పెడతాంది. నువ్వొచ్చి ఒకసారి చూస్తావా?"

నాకు అంతకంటే ఏం కావాలి. ఆ ఆదివారమే ఆ అమ్మాయి వెంట బయలుదేరాను.

వాళ్ళ ఊరు పెనుకొండకు దగ్గర్లోనే. ఊరు దాటి, చిన్న చర్చి దాటి, ఎస్సీ కాలనీలో వాళ్ళ ఇల్లు. గడప మీద కూర్చున్న ముసలామె నన్ను చూడగానే గోడ పట్టుకుని లేచి పక్కకు నిలబడింది. ఆమె లేవడాన్ని నేను పట్టించుకోలేదు. నా కళ్ళన్నీ వాకిట్లో ఉన్న కుర్చీ మీదే ఉన్నాయి. అసలు సిసలైన దొరల సామాను. ఎత్తు వీపు, చేతులు ఆనీ ఆనీ నునుపెక్కిన టేకు. కానీ కింద ఉండాల్సిన వంపు చెక్కలు రెండూ లేవు. నాలుగు కాళ్ళనూ అడుగున ఎవరో రంపంతో కోసేశారు. కోత కూడా వంకరటింకరగా ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏ మతి లేనోడు కోసినాడవ్వా దీన్ని? చేతులెట్లా వచ్చినాయి వానికి?"

"మా ఇంటాయనే సామీ" అంది ఆమె.

తల కొట్టేసినట్టయింది. ఆయన పోయి చాలా కాలమైందని ఆ అమ్మాయి దారిలోనే చెప్పింది. చచ్చిపోయిన మనిషిని, ఆయన భార్య ముందర, ఆయన ఇంటి వాకిట్లో నిలబడి తిట్టాను. ఏదో సర్దిచెప్పబోయాను. అవ్వ నా అవస్థ చూసి తనే మాట కలిపింది.

వయసులో ఉన్నప్పుడు ఆమె పెనుకొండలో, స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఉండిపోయిన ఒక చర్చి దొరసాని దగ్గర పిల్లల్ని చూసుకునేదట. ఆ కుటుంబం దేశం వదిలిపోతూ ఈ కుర్చీ ఆమెకు ఇచ్చింది. భర్త దాన్ని నెత్తిన పెట్టుకుని ఊరికి మోసుకొచ్చాడు. సాయంత్రం పని ముగిశాక వాకిట్లో వేసుకుని, బిడ్డను ఒళ్ళో పెట్టుకుని ఊగేది. ఆ దారినే ఊళ్ళో పెద్దోళ్ళు తోటలకు పోయేవాళ్ళు.

"నన్నేమీ అనలేదు సామీ. ఆయప్పను పిలిచి అడిగినారంట, 'ఏమబ్బా, మేము పోతాంటే మీ ఆడది ఊగుతా కూచుంటాది' అని. అంతే. తెల్లారి యాడనో రంపం తెచ్చి కోసేసినాడు. పారేసేవాడే గానీ, నేను ఏడుస్తాండానని కుర్చీ అన్నా మిగిల్చినాడు."

ఆ తర్వాత ఆమె అందులో కూర్చుంది. ఊగలేదు.

"సచ్చేలోపల ఒకసారి ఊగల్ల. యాడనో కాదు, ఈడనే, ఈ వాకిట్లోనే" అంది.

బాగుచేయించి తెస్తానని మాటిచ్చాను. తిరిగి వచ్చే దారిలో నాకు ఇంకో సంగతి తట్టింది. మా అమ్మకంటే పెద్ద మనిషి, మాట్లాడినంతసేపూ నన్ను సామీ అనే పిలిచింది. నేను ఒక్కసారి కూడా వద్దనలేదు. చెవికి అలవాటైపోయిన పిలుపు, అడ్డు చెప్పాలని తోచనే లేదు. సిగ్గేసింది. అయినా కుర్చీ బాగుచేయించి ఇస్తున్నాను కదా అని నన్ను నేను సముదాయించుకున్నాను.

ధర్మవరంలో నాకు తెలిసిన వడ్రంగి ఒకాయన ఉన్నాడు. మగ్గాలు చేసే పని తగ్గాక ఇట్లాంటి మరమ్మతులు చేస్తున్నాడు. కుర్చీని ఆయన దగ్గరికి చేర్పించాను. పాత టేకు దూలంలోంచి వంపు చెక్కలు కోసి, కాళ్ళకు అతుకులు వేసి, బెత్తం అల్లిక కొత్తగా అల్లించాడు. పని అయిందని కబురు వస్తే పోయి, ఆయన అంగడి ముందర వీధిలోనే వేయించుకుని మొదట నేనే కూర్చుని ఊగాను. ఎంత హాయిగా ఊగిందో. ఆ వీధిలో ఎవరు పోతున్నారో, వాళ్ళు పెద్దవాళ్ళో చిన్నవాళ్ళో నేను చూడలేదు. చూసుకోవాల్సిన అవసరం నాకు పుట్టినప్పటి నుంచి రాలేదు. ఈ మాట ఆ రోజు తోచలేదు, తర్వాత తోచింది.

కుర్చీని లగేజీ ఆటోలో కట్టించి, డ్రైవరు పక్కన కూర్చుని బయలుదేరాను. అవ్వ ఊగుతుంటే వీడియో తీసి, మా పాత సామాన్ల పిచ్చోళ్ళ గ్రూపులో పెట్టాలని ఫోను నిండా ఛార్జింగు కూడా పెట్టుకున్నాను.

మనవరాలు ఆ రోజు సెలవు పెట్టి వచ్చింది. అవ్వ తల దువ్వుకుని, ఉతికిన తెల్ల చీర కట్టుకుని మా కోసం చూస్తోంది. కుర్చీ వాకిట్లో దించాం. అవ్వ వంగి వంపు చెక్కను చేత్తో తడిమింది. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నాకు ఏదో ఘనకార్యం చేసినట్టుంది.

"కూచో అవ్వా."

"నువ్వు కూచో సామీ ముందు" అని లోపల్నుంచి నాకు ప్లాస్టిక్ కుర్చీ తెప్పించింది. నేను కూర్చున్నాక తను ఊగుడు కుర్చీ అంచు మీద కూర్చుంది. పాదాలు రెండూ నేలకు గట్టిగా ఆనించి ఉన్నాయి. కుర్చీ కదలడం లేదు.

"వెనక్కి ఆనుకుని ఊగవ్వా" అని ఫోను పైకెత్తాను.

"ఊగుతాలే సామీ. నువ్వు టీ తాగు."

టీ తాగాను. గ్లాసు కింద పెట్టాను. ఆమె అట్లాగే కూర్చుని ఉంది. భయం లేదు ఆ ముఖంలో, బాధ కూడా లేదు. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడినంత మామూలుగా ఉంది. నేను మళ్ళీ అడిగాను. ఆమె నవ్వి పైట సర్దుకుంది. నాకు కొంచెం విసుగు కూడా వచ్చింది, అబద్ధం ఎందుకు.

"ఇప్పుడు ఆ పెద్దోళ్ళు ఎవరుండారవ్వా? ఎవరొస్తారు ఈడికి?" అన్నాను.

అవ్వ తల వంచుకుంది. మనవరాలు గ్లాసు తీసుకుంటూ, గొంతు పెంచకుండా, "నువ్వొచ్చినావు గదన్నా" అంది.

ఫోను జేబులో పెట్టుకున్నాను. నా ముఖం ఎట్లా ఉందో నాకు తెలియదు. ఎవరో కోయించిన కుర్చీ అనుకుంటూ ఇన్నాళ్ళూ తిరిగాను. ఆమె ఎవరి ముందర ఊగలేదో ఆ మనిషి ఆమె వాకిట్లో, ఆమె ఇచ్చిన టీ తాగి, ఊగమని ఆజ్ఞలిస్తూ కూర్చున్నాడు. ఇంకా అక్కడే కూర్చుని సిగ్గుపడటానికి కూడా ఆమె టైమే తినాలా? ఆ వాకిట్లో నేను చేయగలిగిన పని ఒక్కటే మిగిలింది.

"పోయొస్తానవ్వా" అని లేచాను. ఆమె కూడా లేచి నిలబడింది. ఈసారి చూశాను.

వీధి చివర ఆటో దగ్గరికి నడుస్తుంటే వెనక నుంచి చప్పుడు వచ్చింది. బండ మీద టేకు చెక్క. మొదట ఆగి ఆగి, తర్వాత ఆగకుండా. మెడ దానంతటదే తిరగబోయింది. బలవంతాన ఆపుకుని ఆటో ఎక్కాను.

డ్రైవరు అద్దంలోకి చూసి నవ్వాడు. "అన్నా, అవ్వ ఊగుతాంది సూడు."

"నేను చూడను. నువ్వు కూడా చూడొద్దప్పా, బండి తియ్యి" అన్నాను.