మా ఆయనకు నేనే కఫీల్

సౌదీలోని బురైదా ఆస్పత్రిలో పిల్లల డాక్టరుగా కుదురుకున్నాక, మా ఆయనను ఇక్కడికి రప్పించుకోవాలనుకున్నాను. ఆయన నల్లగొండలో లెక్కల లెక్చరర్. భార్యలకు వీసా అడిగే మగవాళ్లు మా ఆస్పత్రిలో చాలామందే ఉన్నారు. భర్తకు అడిగిన మొదటి ఆడమనిషిని మాత్రం నేనేనట.

స్పాన్సర్‌గా, ఇక్కడి మాటలో కఫీల్‌గా ఉండాలంటే, వచ్చే మనిషి తిండి, ఇల్లు, వైద్యం నా జీతంతో జరుగుతాయని రుజువు చూపాలి. ఫోన్‌లో ఆ సంగతి ఆయనకు చెప్పాను. పక్కనే ఉన్న అత్తమ్మ ఫోన్ అందుకుంది.

"మావోడు తిండి గట్టిగ తింటడు బిడ్డా. నీ జీతం సరిపోతదో లేదో మంచిగ చూసుకో."

ఆమె అనుమానం ఉత్తదేం కాదు. ఇంటి అలవెన్సు, బండి అలవెన్సు తీసేస్తే నా బేసిక్ వీసా ఆఫీసువాళ్లు అడిగినదానికి కొద్దిగా తగ్గింది. మొత్తం జీతం చూపిస్తూ ఉత్తరం ఇమ్మని హెచ్ఆర్ ఆఫీసులోని సౌదీ పెద్దాయనను అడిగాను. ఆయన దరఖాస్తు రెండుసార్లు చదివి, డిపెండెంట్‌గా వచ్చేవాళ్లు ఉద్యోగం చేయకూడదు కదా, మీవారు వచ్చి ఏం చేస్తారని అడిగారు. ఆ ప్రశ్నకు నేను సిద్ధపడి రాలేదు. ఏళ్ల తరబడి లెక్కలు చెప్పి అలసిపోయారు, కొన్నాళ్లు ఊరికే కూర్చుంటారని ఉన్నమాటే చెప్పాను.

పెద్దాయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నా భార్య కూడా టీచరే. అలసిపోయావా, కొన్నాళ్లు ఊరికే కూర్చుంటావా అని ఆమెను అడగొచ్చని ఇన్నేళ్లూ నాకు తోచలేదు."

అని ఉత్తరం మీద ముద్ర వేశారు.

వీసా వచ్చింది, మా ఆయనా వచ్చారు. మొదటి రోజు నేను డ్యూటీకి బయలుదేరుతుంటే, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు గుమ్మంలో నిలబడ్డారు. శుక్రవారాలు తెలుగువాళ్లం కలిసినప్పుడు, మీరేం చేస్తుంటారని ఎవరైనా అడిగితే నీళ్లు నమిలేవారు. ఇక్కడ ఉద్యోగులకు యజమానే కఫీల్; ఒకసారి కొత్తగా వచ్చిన ఇంజినీరు ఈయనా ఉద్యోగేననుకుని, మీ కఫీల్ ఎలాంటివాడని అడిగాడు.

"మా ఇంటామెనే. జీతమియ్యదు గని, సెలవు అడిగే పనిలేదు," అన్నారాయన తాపీగా.

అందరూ నవ్వారు. ఆ మాటతో ఆయన బెరుకు కూడా తీరిపోయింది. తిరుగు ప్రయాణంలో కారు నేను నడిపాను. ఆయన సీటు వెనక్కి వాల్చుకుని, దారి పొడవునా ఖర్జూరపు తోటలు చూస్తూ కూర్చున్నారు.