చీపురుపల్లి బోర్డుకి జ్వరం చూడబోతే

కరెంటు బోర్డుల్లో ఏ చోటు వేడెక్కుతోందో ఫోటో తీసి చెప్పడం నా పని. నా థర్మల్ కెమెరాలో వేడిగా ఉన్నది పసుపుగానో తెల్లగానో, చల్లగా ఉన్నది నీలంగానో కనిపిస్తుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. జనం మాత్రం అందులో దెయ్యాలు కూడా కనిపిస్తాయనుకుంటారు. నేను కాదనను.

చీపురుపల్లిలో రెండంతస్తుల బట్టల దుకాణం నుంచి సోమవారం ఫోన్ వచ్చింది. యజమాని సత్యంగారు. "మా ఎలక్ట్రీషియను మెయిన్ బోర్డు కాలిపోతాదంటాడు. ఇంకొకడొచ్చి బాగానే ఉన్నాదన్నాడు. గురువారం నుంచి పెళ్లిళ్ల అమ్మకాలు. మీరొచ్చి తేల్చీయండి. ఏటీ నేకపోతే మావోడి కాడ తాళాలు తీసీసుకుని పంపించీస్తాను" అన్నారు. బుధవారం వస్తాను, అన్నీ సిద్ధంగా ఉంచండి అన్నాను. ఏం సిద్ధం చేయాలో చెప్పలేదు. ఆ బుద్ధి తక్కువ పని నాదే.

కొత్తవలసలో మా ఇంటి నుంచి స్టేషన్‌కి నడక దూరమే. ఏడూ ఇరవైకి పాసింజరు. ఆ దారిన వెళ్లేవాళ్లకి ఒక మాట: ఎండ పడకుండా ఉండాలంటే ఎడమవైపు కూర్చోండి. విజయనగరంలో రైలు చాలాసేపు ఆగింది. రెండు ఇడ్లీలు తిని, టీ తాగి వచ్చేసరికి నా సీట్లో ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. నా చేతిలోని కెమెరా చూసి, "ఏటి బాబూ అది? పెళ్లి ఫొటోలకా?" అంది. ఆవిడ వైపు తిప్పి చూపించాను. నుదురు పసుపు, ముక్కు నీలం.

"అయ్యో, కొత్త సీర కట్టుకున్నాను, దీని రంగే తెలట్నేదు! ఇదేటి ఫొటో బాబూ?" అని నొచ్చుకుంది. గరివిడిలో దిగుతూ కూడా ఆ కెమెరాని క్షమించలేదు. నాకు మాత్రం సీటు దొరికింది.

తొమ్మిదింబావుకి చీపురుపల్లి. ఆటోలో పది నిమిషాలు. దుకాణంలో అడుగు పెట్టగానే ఉడుకెత్తిపోయింది. ఏసీలు లేవు, సగం లైట్లు లేవు. అమ్మేవాళ్లు అట్టముక్కలతో విసురుకుంటున్నారు. మెట్ల కింద మెయిన్ బోర్డు ఉంది. దాని తలుపుకి పసుపు రాసి బొట్లు పెట్టారు. ఎదురుగా టేబుల్ ఫ్యాను గిర్రున తిరుగుతోంది. బోర్డు పక్కనే కొత్త చీరల అట్టపెట్టెలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి.

"మీరొస్తన్నారని తెల్లారగట్ల నుంచి అన్నీ ఆపించీసి సల్లగా ఉంచాం" అన్నారు సత్యంగారు గర్వంగా. డాక్టరు వచ్చే ముందు జ్వరం మాత్ర వేసినట్టుంది వ్యవహారం.

ఫ్యాను వెనక ఒక యాభై ఏళ్ల మనిషి నిలబడి ఉన్నాడు. నడుముకి తాళాల గుత్తి. ఎలక్ట్రీషియన్ యోహాను ఆయనే. ఇరవై ఏళ్లుగా ఈ దుకాణంలోనే పని, ఆదివారాలు చర్చిలో మైకు సెట్టు చూస్తాడట. నా ముఖం వంకే చూస్తున్నాడు.

బోర్డు తలుపు తీయించి కెమెరా పెట్టాను. అంతా నీలం. "సూసావేట్రా?" అని సత్యంగారు యోహాను వైపు తిరిగారు.

"కరెంటు పారితేనే వేడి పుడుతుందండీ. ఏసీలన్నీ వేయించండి, అప్పుడు చూద్దాం" అన్నాను.

"ఈడూ అదే సెప్పాడు! ఇద్దరూ కూడబలుక్కున్నారేటి? గిన్నె పొయ్యి మీద మీరే ఎట్టి, కాలిపోతన్నాదంటే ఎలగండీ?"

యోహాను చెయ్యి తాళాల గుత్తి మీదికి వెళ్లింది. తీసి ఇచ్చేసి వెళ్లిపోయేలా ఉన్నాడు. వాదిస్తే లాభం లేదు. కెమెరా సంచిలో పెట్టేసి, "సరే, పని అయిపోయింది. మా ఆవిడకి ఒక పట్టుచీర చూపిస్తారా?" అన్నాను.

ఆ మాటతో సత్యంగారు మరో మనిషైపోయారు. బేరం వస్తే దీపం వెలగనివ్వని షావుకారు ఎక్కడైనా ఉంటాడా? పట్టు రంగు తెలియాలంటే లైట్లు కావాలి, అన్నీ వేశారు. నేను చెమట తుడుచుకున్నాను, ఏసీలు వేశారు. మోకాలు నొప్పి అన్నాను, లిఫ్టు వేశారు. పై అంతస్తులో సంచిలోంచి కెమెరా తీసి పరుపు మీదికి తిప్పి, "ఇప్పుడే ఇక్కడెవరో కునుకు తీసి లేచినట్టున్నారే" అన్నాను. మనిషి ఆకారం పసుపుగా ఇంకా కనిపిస్తోంది. దెబ్బకి నలుగురు కుర్రాళ్లు పరుగెత్తి, మిగిలిన ఏసీలూ వేసి, చీరల గుట్ట పోశారు. గంటసేపు ఏ చీర చూపించినా అంచు బాగాలేదన్నాను. చివరికి బాగుందనక తప్పని చీర ఒకటి వచ్చింది, కొన్నాను.

పదకొండున్నరకి కిందికి దిగి, "పోయే ముందు ఇంకొక్కసారి" అంటూ బోర్డు తలుపు తీయించాను. ఈసారి తెరని సత్యంగారి ముందు పెట్టాను. పక్కపక్కనే మూడు బోల్టులు, మూడింటికీ మూడు లావుపాటి వైర్లు. రెండు బోల్టులు ఓ మోస్తరు వేడితో నారింజ రంగులో ఉన్నాయి. మూడోది తెల్లగా మెరుస్తోంది. మామూలు కంటితో చూసినా దాని వైరు తొడుగు కమిలి గోధుమరంగు తిరిగింది.

"ముగ్గురూ ఒకే బరువు మోస్తున్నారు కదండీ, ఒక్కడికే జ్వరమెందుకు వచ్చింది?" అన్నాను.

సత్యంగారు వంగి చూశారు. ఆ బోల్టు మీదికి చెయ్యి పోనిచ్చారు.

"ముట్టుకోకండి బాబూ!" యోహాను ఆయన రెక్క పట్టి వెనక్కి లాగి, మెయిన్ స్విచ్ దించేశాడు. దుకాణమంతా చీకటి. ఆ చీకట్లో సత్యంగారు అట్టపెట్టెల వైపు చూశారు, పైన చీరలు మడతపెడుతున్న వాళ్ల మాటలు విన్నారు.

"ఎప్పట్నుంచి సెప్తన్నావురా?"

"దసరా కాడ్నుంచి."

సత్యంగారు కుర్రాళ్లందర్నీ కిందికి పిలిచి, అట్టపెట్టెలు తనే ఎత్తడం మొదలుపెట్టారు. గురువారం అమ్మకాలు శనివారానికి మార్చమని గుమస్తాకి చెప్పారు. ఒంటిగంటన్నరకి నాకు వాళ్ల ఇంటి నుంచే భోజనం వచ్చింది: వంకాయ కూర, మామిడికాయ పప్పు, గడ్డ పెరుగు. నేను తినేలోపు యోహాను చల్లారిన బోల్టు ఊడదీశాడు. చేత్తో తిప్పితేనే తిరిగేంత వదులుగా ఉంది. కాలిన వైరు చివర కోసి, కొత్తగా బిగించాడు. ఆ తర్వాత ఏసీలన్నీ వేయించి మళ్లీ చూస్తే మూడూ ఒకే రంగు.

నాలుగూ నలభై పాసింజరుకి యోహానే నన్ను బండి మీద స్టేషన్‌లో దింపాడు. తాళాలు ఆయన నడుము దగ్గరే ఉన్నాయి. ఈ ఊళ్లలో మనుషులు ముఖం మీద కొట్టినట్టు మాట్లాడతారు, కానీ తప్పు కంటికి కనబడితే ఒప్పుకోవడానికి ముహూర్తం చూడరు. అదే మాట ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు. ఏదో తేలని లెక్క ఉన్నట్టు పట్టాల వంక చూస్తున్నాడు.

రైలు కనబడ్డాక అన్నాడు: "ఇన్ని నెలలు నాను నిజం సెప్తే నమ్మనేదు బాబూ. మీరు గంటసేపు అబద్దమాడితే నమ్మీసారు. ఆదివారం ప్రార్థనలో దీన్ని ఏటని సెప్పుకోమంటారు?"

రైలు ఎక్కి, తలుపు దగ్గర నిలబడి, "అబద్ధం నాది కదా, నా పేరు చెప్పుకోండి" అని అరిచాను. అప్పటికి ఆయన నవ్వాడు.