సింహాద్రి వల విదిలించిన ఉదయం

పెదజాలరిపేట సింహాద్రికి సముద్రమంటే భయం లేదు, పోలీసంటే ఉంది. నలభై ఎనిమిదేళ్ళ బతుకులో స్టేషను గడప తొక్కినవాడు కాడు. అయినా లోపల ఏం జరుగుతుందో తనకు బాగా తెలుసనుకునేవాడు. రోజూ రాత్రి ఎనిమిదింటికి టీవీలో చూసేవాడు కదా.

ఆ సీరియల్లో ఇన్‌స్పెక్టరు గదిలోకి వస్తూనే చొక్కా చేతులు మడుస్తాడు. వారంటనే మాట వినపడదు. లాయరు కనపడితే వాడు దొంగల మనిషే. శవాన్ని మొదట చూశానని వచ్చినవాణ్ణి కుర్చీలోంచి లేవనివ్వరు. లాఠీ లేస్తే నిజం రాలాల్సిందే. చట్టాన్ని ఇంతకంటే చులకన చేసే పాఠం ఏ బడిలోనూ చెప్పరు. పేటలో ఇంటింటా అదే పాఠం. సింహాద్రి భార్య గంగాలమ్మ పూర్ణా మార్కెట్లో చేపలమ్మి వచ్చి, కాళ్ళు చాపుకుని, "తన్నండి బాబూ, ఆడికి అలాగే తగలాల!" అని అరిచేది. సింహాద్రి చప్పట్లు కొట్టేవాడు.

ఆషాఢంలో ఒక మంగళవారం తెల్లవారుతుండగా అతనూ, గంగాలమ్మ అన్న ఎల్లాజీ వల లాగుతున్నారు. బరువుగా వచ్చింది. మంచి చేప పడిందనుకున్నారు. ముందు ఒక చెయ్యి నీళ్ళపైకి తేలింది. జబ్బకు నల్లతాడు, దానికి వెండి తాయెత్తు.

తాతలనాటి నుంచీ పేటలో ఒక కట్టు ఉంది. సముద్రంలో ఎదురైన శవం ఎవరిదైనా చుట్టమే. పడవకు కట్టి ఒడ్డుకు చేర్చాలి, పసుపునీళ్ళు చల్లుకుని ఇంటికి పోవాలి. రేపు మనం పోతే మరో పడవవాడు చేసేది అదే. ఎల్లాజీ తాడు తీశాడు.

"ఒగ్గీ బావా, ముట్టుకోకు," అన్నాడు సింహాద్రి.

"ఏటి ఒగ్గీడం? ఏ తల్లి కన్న బిడ్డో!"

"మొదట సూసినోడే మొదటి ముద్దాయి. నువ్వు టీవీ సూడవేటి? మన వలే సాచ్చికమంతారు. నాలుగు తగిలితే సెయ్యని కూనీ కూడా ఒప్పీసుకుంతాం."

"నీ టీవీ తగలెయ్య," అన్నాడు ఎల్లాజీ. కాని అతని చేతిలో తాడు ఆగిపోయింది. పక్కవాడికి అంటుకోవడానికి భయానికి క్షణం చాలు.

ఇద్దరూ వల విదిలించారు. చెయ్యి కిందికి పోయింది.

గురువారం ఒడ్డుకు ఒకావిడ వచ్చింది. చాంద్ సుల్తానా, వన్‌టౌన్లో బట్టలు కుట్టుకు బతికే మనిషి. కొడుకు షహబాజ్ ఆదివారం స్నేహితులతో స్నానానికి దిగి కెరటానికి పోయాడు. ఖూనీ లేదు, ముద్దాయి లేడు. సముద్రం లాక్కుంది, అంతే. పోలీసులు ఒక పూట వెతికి, కాగితం రాసుకుని ఊరుకున్నారు. ఆమె ఊరుకోలేదు. పేట పేటా తిరుగుతూ ఫోనులో ఫొటో చూపిస్తోంది.

"భయ్యా, నా బిడ్డకి పిడికెడు మట్టి ఇచ్చుకోవాలి. జబ్బకి తాయెత్తుంటుంది. నేనే కట్టేను."

సింహాద్రి ఫొటో చూసి తల అడ్డంగా ఊపాడు.

అప్పటినుంచి వల బరువైతే చాలు, అతను తాడు ఎల్లాజీ చేతికిచ్చేసేవాడు. చేపల పులుసు నోట్లోకి పోయేది కాదు. టీవీలో కుర్చీకి కట్టేసి కొడుతున్నవాడి జబ్బకు తాయెత్తు కనిపించేది. గంగాలమ్మ "తన్నండి" అనగానే ఉలిక్కిపడేవాడు.

"ఏటయింది మావా, దెయ్యం పట్టినట్టు అలగున్నావ్?"

చాంద్ సుల్తానా శుక్రవారం వచ్చింది. శనివారం వచ్చింది. ఆదివారం ఆమె ఇసకలో కనపడగానే సింహాద్రే ఎదురెళ్ళాడు.

"అమ్మా, నాను సూసేను. నానే ఒగ్గీసేను."

ఆమె ఏడవలేదు. అతని మణికట్టు పట్టుకుని నేరుగా స్టేషనుకు నడిపించింది.

అక్కడ రాతపని చూసే రైటరు నీలకంఠం ఇడ్లీ తింటున్నాడు. అంతా విని, చెయ్యి కడుక్కుని దగ్గరికొచ్చాడు. సింహాద్రి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. దెబ్బ పడలేదు.

"ఆరోజే తేవలసిందయ్యా. పేరు, ఊరు రాసుకుని పంపించేవాళ్ళం. ఎందుకు తేలేదు?"

"కొడతారని బాబూ. టీవీలో..."

రైటరు నవ్వబోయి ఆగాడు. "ఇక్కడ ఎవర్నీ కొట్టం అని నేనూ ఒట్టెయ్యలేనులే," అన్నాడు గొంతు తగ్గించి.

"ఓపాలి కొట్టీండి బాబూ," అన్నాడు సింహాద్రి. రైటరు కాగితాల వైపు తిరిగిపోయాడు. ఎవరికో ఫోను చేశాడు. పడవ పంపిస్తారన్నాడు. అయిదు రోజుల తర్వాత ఆ నీళ్ళలో ఏం మిగులుతుందో సింహాద్రికి తెలుసు.

బయట మెట్లమీద చాంద్ సుల్తానా అడిగింది. "మాలో మట్టిలో పెట్టేటప్పుడు మొహం పడమటకి తిప్పుతాం భయ్యా. నువ్వు చూసినప్పుడు నా బిడ్డ మొహం ఎటుంది?"

పడమటంటే ఒడ్డు వైపే. ఒక్క అబద్ధమాడితే ఈ తల్లి ఇవాళ కాస్త కునుకు తీస్తుంది.

"తెలీదమ్మా," అన్నాడు. "మొగం సూత్తే గురుతుండిపోద్దని తల తిప్పీసుకున్నాను."

ఆమె మెట్టుమీద కూలబడింది. "ఆ చోటుకి నన్ను తీసుకుపో," అంది.

పడవలోకి ఆడమనిషిని ఎక్కించడం పేటలో లేదు. సింహాద్రి ఎల్లాజీకి ఫోను చేసి, పడవ నీళ్ళలోకి దింపమన్నాడు.