పది చేతుల ఫ్లెక్సీ కింద నుంచి జార్జి టౌన్ దాకా

మీరు మోసం చేస్తున్నారు. అవును, మిమ్మల్నే అంటున్నాను. కూతురికి దుర్గ అనో లక్ష్మి అనో భవాని అనో పేరు పెట్టుకుంటారు. నవరాత్రులకి రోజుకో రంగు చీర కట్టి ఫోటోలు పెడతారు. అదే పిల్ల పన్నెండో ఏటో పదమూడో ఏటో పెద్దమనిషి అయితే మాత్రం మూలన చాప వేసి, కంచం వేరు చేసి, ఎవరినీ ముట్టుకోవద్దంటారు. ఆమెని దేవతని చేసిందీ మీరే, ఆ దేవత బయటికి నడవకుండా గడపకి అడ్డం కూర్చున్నదీ మీరే. "మా ఇంట్లో అట్లాంటివి లేవండీ" అని కింద వ్యాఖ్య రాయడానికి సిద్ధమవుతున్నవాళ్ళు కాస్త ఆగండి. ఈ ఒక్కరోజు ప్రయాణం చదివి అప్పుడు రాయండి.

నేను సూళ్ళూరుపేటలో ఉంటాను. ఇరవై ఆరేళ్ళు హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పి, ఇప్పుడు ఊళ్ళు తిరుగుతూ ఆడపిల్లలకి రకరకాల దేశాల దేవతల కథలు చెబుతున్నాను. "దేవుణ్ణి నమ్మనిదానివి, నీకు దేవతలెందుకే?" అని నా ప్రగతిశీల మిత్రులు వెక్కిరిస్తారు. వాళ్ళకి నా జవాబు ఒకటే. నేను మొక్కమనడం లేదు. ఆడదాని చేతిలో తుఫానునీ సింహాన్నీ సూర్యుణ్ణీ పెట్టి చూడగలిగిన మనుషులు ఎన్నో దేశాల్లో ఉన్నారని చూపిస్తున్నాను. చెన్నై తొండియార్‌పేటలో సాయంత్రం ట్యూషన్ నడిపే సుగుణ నా పాత విద్యార్థిని. "మా పిల్లలకీ చెప్పండి టీచర్" అని పిలిచింది. అదీ ఈ ప్రయాణానికి కారణం.

ఫిబ్రవరిలో ఒక శనివారం, తెల్లవారకముందే చెన్నై లోకల్ ఎక్కాను. సూళ్ళూరుపేట నుంచి రెండున్నర గంటలు పట్టింది. టికెట్టు ఒక పూట టిఫిన్ కంటే చవక. తిరువొత్తియూరు దగ్గర పడేసరికి ఫ్యాక్టరీ షిఫ్టుకి వెళ్ళే ఆడవాళ్ళు పెట్టె నిండా ఎక్కారు. వాళ్ళ వెనకే ఎండుచేపల బుట్టలూ వచ్చాయి. మీకు ఆ వాసన పడకపోతే అది మీ సమస్య. తొండియార్‌పేట స్టేషన్ బయట షేర్ ఆటోకి ఇరవై రూపాయలు. నా సంచిలోంచి బయటికొచ్చిన బొమ్మల అట్టలు చూసి డ్రైవరు అడిగాడు. "ఏందమ్మా ఇవి, అమ్మేదానికా?"

"కాదు, పిల్లలకి కథలు చెప్పడానికి. సూళ్ళూరుపేట నుంచి వస్తున్నా."

"దానికి ఆడ నుంచి వచ్చినారా? ఈడ టీవీ లేదనుకున్నారా?" అని నవ్వి, అడిగిన చోటు కంటే ఇంకో సందు లోపలిదాకా తెచ్చి దింపాడు. ఆ సందు మొదట్లోనే ఒక పెద్ద ఫ్లెక్సీ ఉంది. సింహం మీద కూర్చున్న అమ్మాయి. పది చేతులు, చేతికో ఆయుధం. పైన తమిళంలో 'మంజల్ నీరాట్టు విళా', అంటే మనవైపు పెద్దమనిషైన పిల్లకి చేసే వేడుక. కింద నల్ల కళ్ళద్దాలతో మామలూ బాబాయిలూ తొమ్మిదిమంది. తేదీ మర్నాడు ఆదివారం. చూసి పళ్ళు కొరుక్కుని సుగుణ ఇంటి మేడ ఎక్కాను.

పదకొండుమంది ఆడపిల్లలు. కొందరు తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగిస్తారు. వాళ్ళకి ఉత్తర ధ్రువం దగ్గరి ఇన్యూట్ జనం చెప్పుకునే సెద్నా కథ చెప్పాను. మంచు సముద్రం మధ్య తండ్రి కూతుర్ని పడవలోంచి తోసేస్తాడు. ఆమె పడవ అంచు పట్టుకుంటే వేళ్ళు నరికేస్తాడు. ఆ వేళ్ళే సీల్ జంతువులై, తిమింగలాలై పోతాయి. ఆమె సముద్రానికి తల్లి అవుతుంది. ఆమె దయ తలిస్తేనే అక్కడి మగవాళ్ళకి వేట. నేను గొంతు వణికించి ఆపాను. ముందు వరసలో పిల్ల చెయ్యెత్తింది. "వాళ్ళ నాయన మీద పోలీసు కేసు పెట్టలేదా మిస్?" ఇంకో పిల్ల అంది. "వేళ్ళు లేకపోతే ఆమె క్యారమ్స్ ఎట్లా ఆడేది?"

అందరూ నవ్వారు. వెంటనే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "భవాని ఉంటే ఇదే అడిగుండేది" అంది వెనక నుంచి ఒకతి.

భవాని ఎవరని అడిగితే సుగుణ వీధి మొదలు వైపు చూపించింది. ఫ్లెక్సీ మీద ఉన్న పిల్లే. ఎనిమిదో తరగతి. ఈ పేటలో క్యారమ్స్ బోర్డు లేని సందు ఉండదు, ఆ బోర్డుల దగ్గర మగపిల్లల్ని ఓడించి లేపే పిల్ల అది. ఆ రోజే మధ్యాహ్నం మూడింటికి జార్జి టౌన్‌లో జిల్లా జట్టుకి ఎంపికలు. మళ్ళీ ఏడాది దాకా లేవు. ఆమె పెద్దమనిషి అయి అది పదో రోజు. మర్నాడు తలంటు, వేడుక. అప్పటిదాకా గడప దాటకూడదు. అప్పుడు గడియారంలో పన్నెండు కావస్తోంది.

నేను సంచి భుజాన వేసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మంలో కూర్చుని భవాని నాయనమ్మ మునెమ్మ మునగాకు దూస్తోంది. తల్లి తిరువొత్తియూరులో షిఫ్టుకి పోయింది. తండ్రి రేవు కంటైనర్ లారీ తోలుకుని బెంగళూరు వెళ్ళాడు. ఆ ఇంట్లో ఏదైనా తేల్చేది ఈ అవ్వే. ముందుగది మూలన మేనమామ కట్టిన కొబ్బరాకుల తడిక. దాని వెనక ఒక నీడ.

"రామ్మా, ఈ పక్క కూర్చో. ఆడికి పోవద్దు, ఆడ పాప ఉండాది" అంది అవ్వ.

నేను కూర్చోలేదు. నిలబడే మొదలుపెట్టాను. రక్తం గురించి, శాస్త్రం గురించి, రాజ్యాంగం గురించి పది నిమిషాలు మాట్లాడాను. అవ్వ ఒక్క ఈనె కూడా వదలకుండా ఆకు దూసింది. నేను ఆగాక తలెత్తి, "అయిందామ్మా? కాఫీ తాగుతావా?" అంది.

అప్పుడు కథల సంచి విప్పాను. జపాన్ సూర్యదేవత అమతెరసు బొమ్మ తీశాను. తమ్ముడు చేసిన అల్లరికి మనసు విరిగి ఆమె గుహలో దాక్కుంటుంది. లోకం చీకటైపోతుంది. బయట ఇంకో దేవత గంతులేసి అందరినీ నవ్విస్తుంది. ఆ నవ్వేమిటో చూద్దామని సూర్యదేవత తొంగిచూస్తుంది, అంతే, చెయ్యి పట్టి బయటికి లాగుతారు, మళ్ళీ తెల్లవారుతుంది. ఇంతకంటే మంచి కథ నా దగ్గర లేదు.

అవ్వ మెచ్చుకోలుగా తలాడించింది. "చూసినావా, ఆ దేశంలో కూడా లోపలే కూర్చోబెట్టినారు."

"ఎవరూ కూర్చోబెట్టలేదు! కోపమొచ్చి తనే వెళ్ళింది."

"ఎట్లయితే ఏం, దేవతే లోపల కూర్చునింది. మా పాప కూర్చోదా?"

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నా పాఠం నా మీదకే ఇంత శుభ్రంగా ఎవరూ తిప్పలేదు. తడిక వెనక కిసుక్కున నవ్వు. "ఆంటీ, ఆమె బయటికొచ్చిందా లేదా, అది చెప్పండి."

"వచ్చింది."

"విన్నావా అవ్వా?"

"విన్నాలే. నువ్వూ రేపొస్తావు."

"రేపొచ్చి ఏం చేసేది? ఆట ఈ పొద్దు కదా."

అప్పుడే మేనమామ రమేష్ సీరియల్ లైట్ల చుట్టతో లోపలికొచ్చాడు. "ఫ్లెక్సీ చూసినారా మేడమ్? నాలుగు చేతులు చాలన్నాడు షాపువాడు. నేనే పట్టుబట్టి పది పెట్టించినా."

తడిక వెనక గొంతులో ఈసారి నవ్వు లేదు. "పది చేతులు నాకెందుకు మామా? స్ట్రైకర్ కొట్టేది ఒక్క చేత్తోనే. ఆ ఒక్కటి వదలండి, చాలు."

రమేష్ లైట్ల చుట్ట కింద పెట్టి అవ్వ వైపు చూశాడు. నేను మళ్ళీ నోరు తెరవబోయాను. నా అదృష్టం, భవాని నాకంటే ముందు మాట్లాడింది. "అవ్వా, నువ్వు పెద్దమనిషి అయినప్పుడు ఎన్నాళ్ళు కూర్చున్నావు?"

"పదహార్రోజులు."

"అన్నాళ్ళూ ఏం చేసినావు?"

అవ్వ ముఖం వెలిగింది. "ఏం చేసేది, వామనగుంటలే. చింతగింజలు పోసుకుని పొద్దస్తమానం ఆడేది. మా చిన్నాయన కూతుర్ని ఏడిపించి పెట్టినా."

"అంటే కూర్చుని ఆడొచ్చు."

"కూర్చుని ఆడితే తప్పేముండాది?"

"మరి క్యారమ్స్ ఏమన్నా నిలబడి ఆడతామా?"

అవ్వ చెయ్యి మునగాకు మీద ఆగింది. ఆ తర్వాత ఆమె తన చట్టం చెప్పింది. పిల్ల కూర్చునే కుర్చీ మీద పిల్ల దుప్పటే పరవాలి. నడుముకి వేపరెమ్మ, ఇనుప తాళంచెవి ఉండాలి. కంచం, గ్లాసు ఇంటివే. ఎవరినీ ముట్టుకోకూడదు. దీపాలు పెట్టేలోగా ఇంట్లో ఉండాలి. తోడు తానే వస్తుంది.

"అంటే అంటు ఉన్నదని మనం ఒప్పుకున్నట్టే కదా!" అన్నాను.

తడిక పక్కకి జరిగింది. సన్నగా, చామనఛాయగా ఉన్న పిల్ల నన్ను కొట్టేట్టు చూసింది. "ఆంటీ, సుమ్మా ఉండండి."

సుమ్మా ఉన్నాను. ఊరికే ఉండటం నాకు ఎంత కష్టమో నన్ను చదివేవాళ్ళకి తెలుసు.

రెండింటికి తొండియార్‌పేట మెట్రో స్టేషన్ చేరాం. మన్నడికి ఇరవై రూపాయలు. సోదా చేసే చోట భవాని నడుము దగ్గర యంత్రం కుయ్యిమంది. సెక్యూరిటీ అమ్మాయి తాళంచెవి తీసి ట్రేలో పెట్టమంది. "ఇనుము తీసేదానికి లేదు" అని అవ్వ అడ్డం నిలబడింది. నాకు ఇనన్నా గుర్తొచ్చింది. సుమేరు దేశపు ఆ దేవత పాతాళానికి దిగుతూ ఏడు వాకిళ్ళ దగ్గరా ఒక్కో నగ తీసి ఇవ్వాల్సి వస్తుంది. కథ చెప్పబోయి భవాని చూపు చూసి ఊరుకున్నాను. సెక్యూరిటీ అమ్మాయి వేపరెమ్మని చూసింది, పిల్ల ముఖం చూసింది, అర్థమైంది. తమిళంలో "పెద్దదానివైపోయావా? పో, పో" అని నవ్వి వదిలేసింది.

రైల్లో ఒకామె వచ్చి భవానికి ఆనుకునే కూర్చుంది. అవ్వ కిటికీలోకి చూస్తోంది. "ఇప్పుడు అంటు లేదా అవ్వా?" అన్నాను, ఆగలేక.

"ఇది భూమి కింద కదా. ఈడ లెక్క వేరే."

మన్నడిలో పైకొస్తే జార్జి టౌన్. కాగితపు బేళ్ళ తోపుడు బండ్లు, వాటి వెనక హారన్ కొడుతున్న సిటీ బస్సు, బస్సు కంటే పెద్దగా అరుస్తున్న కూలీలు. పది నిమిషాల నడక. మేడ మీద ఒక సంఘం హాలు, బోరిక్ పౌడర్ వాసన, ఆరు బోర్డులు. ముప్ఫైమంది పిల్లల్లో ఆడపిల్లలు ఏడుగురే. మూడు ఆటల్లో రెండు గెలిస్తే జట్టులో చోటు. కుర్చీ మీద దుప్పటి ఎందుకని రిఫరీ అడిగితే "పాపకి అదే రాశి, అది ఉంటేనే కలిసొచ్చేది" అంది అవ్వ, రెప్పయినా వేయకుండా.

మొదటి ఆట భవాని తేలిగ్గా గెలిచింది. రెండోది ఓడింది. పదిరోజులు బోర్డు ముట్టని చెయ్యి గురి తప్పింది. మూడోది చివరిదాకా వచ్చింది. బోర్డు మీద ఇద్దరికీ ఒక్కో కాయినూ, మధ్యలో రెడ్డూ మిగిలాయి. రెడ్డు వేశాక వెంటనే తన కాయిన్ కూడా వేస్తేనే అది దక్కేది. భవాని నడుము దగ్గర తాళంచెవిని ఒకసారి సర్దుకుని వంగింది. రెడ్డు మెల్లగా జారి పడింది. ఆ వెంటే తన తెల్ల కాయిన్ ఎదుటి అంచుకి తగిలి, వెనక్కొచ్చి గుంటలో పడింది.

"అట్లా కొట్టవే!" అన్న అరుపు ఎవరిదో అనుకున్నాను. అవ్వది. లేచి వెళ్ళి మనవరాలి రెండు బుగ్గలూ పట్టుకుని, నుదుటి మీద ముద్దు పెట్టి, తలని తన పొట్టకి అదిమేసుకుంది. అట్లా ఎంతసేపుందో. తర్వాత గుర్తొచ్చింది. చేతులు తీసేసి నా వైపు చూసింది.

"నువ్వు చూళ్ళేదు."

"చూళ్ళేదవ్వా."

జాబితాలో చివరి పేరు భవానిది. కింద వీధిలో బర్మా నుంచి వచ్చిన కుటుంబం ఒకటి తోపుడు బండి మీద అత్తో అనే నూడిల్సు అమ్ముతోంది, ప్లేటు డెబ్భై రూపాయలు. ఇంటి నుంచి తెచ్చిన కంచం చాపితే బండామె "నా ప్లేట్లు కడగనివనుకున్నావా పాట్టీ?" అని అవ్వని నిలదీసింది. అవ్వ సిగ్గుపడి కంచం సంచిలో పెట్టేసింది.

రాత్రి లోకల్లో కూర్చుని నాతో నేనే పోట్లాడాను. తడిక అక్కడే ఉంది, వేపరెమ్మ కూడా ఉంది, నేను ఒక్క ఆచారాన్నీ ఓడించలేదు. నేను తీసుకెళ్ళిన కథని అవ్వ తలుపుకి గడియ చేసింది, దాన్నే భవాని తాళంచెవి చేసుకుంది. దేవత కథ పిల్లకి బలమిస్తుందని గొప్పలు చెప్పే నాలాంటివాళ్ళు ఇది ఒప్పుకోవాలి. కథ తనంతట తాను తలుపు తియ్యదు. లోపలి పిల్ల అడిగే ప్రశ్న తీస్తుంది. మన పని ఆ ప్రశ్న వినపడేంత దగ్గరగా కూర్చోవడం, అది వినిపించాక నోరు మూసుకోవడం.

మీరు ఇటు వస్తే ఒక సలహా. తొండియార్‌పేట నుంచి జార్జి టౌన్‌కి తొందరుంటే మెట్రో ఎక్కండి. తొందర లేని ఆడవాళ్ళు సాధారణ సిటీ బస్సు ఎక్కండి, మనకి టికెట్టు కొనే పని లేదు. ఏది ఎక్కినా శనివారం మధ్యాహ్నం ఆ సందుల్లో ఆటో మాత్రం మాట్లాడుకోకండి, నడకే ముందు చేరుస్తుంది.

ఇక నా డిమాండ్లు.

పెద్దమనిషి అయిన పిల్లని ఒక్కరోజు కూడా బడి మానిపించకండి.

ఆట ఉన్న వారంలో వేడుక పెట్టకండి. వేడుక వాయిదా వేయొచ్చు, ఎంపిక వాయిదా పడదు.

ఆటల సంఘాల పెద్దలారా, ఈ కారణంతో రాలేకపోయిన ఆడపిల్లకి ఇంకో తేదీ ఇవ్వండి. కారణం నలుగురిలో చెప్పించకండి.

దేవత కథ చెబితే ఆమె బయటికొచ్చేదాకా చెప్పండి.

ఫ్లెక్సీ మీద ఎన్ని చేతులైనా పెట్టుకోండి. ఇంట్లో ఆమె రెండు చేతులూ ఆమెకి వదలండి.

పిల్లని ముట్టుకోండి. అందరూ చూస్తుండగా ముట్టుకోండి.