కండువా కింద గజ్జి

ఆ రోజుల్లో, చిన్నీ, ఎండాకాలం వచ్చిందంటే మా నూజివీడులో గోక్కోనివాడు లేడు. (రాస్తున్నావా? నేను చెప్పింది చెప్పినట్టే రాయి, మధ్యలో నీ సొంత తెలివితేటలు పెట్టకు.) ఇప్పుడైతే ఒంటిమీద ఒక దద్దురు లేస్తే చాలు, ఫోటో తీసి డాక్టరుకి పంపుతున్నారు. అప్పుడు మాకు ఒంటిమీద ఏది లేచినా ఒకటే పేరు, సొన. మామిడికాయ కోస్తే తొడిమ దగ్గర జిగురు కారుతుందే, అది. అది పడితే చర్మం కాలి మచ్చ పడుతుంది, కాదనను. కానీ కాయ ముట్టుకోని వాళ్ళకి కూడా సొనేనట. గుళ్ళో పూజారిగారు గంట కొడుతూ మధ్యలో మోచెయ్యి గోక్కున్నా సొనే, బడిలో మాస్టారు సుద్దముక్కతో వీపు గీక్కున్నా సొనే. అదొక రకం గొప్ప కూడా. సొన పడిందంటే తోటలున్నాయనో, వ్యాపారం ఉందనో అర్థం కదా. గజ్జి అంటే మాత్రం స్నానం చెయ్యని వాళ్ళకొచ్చేది, మనలాంటి వాళ్ళకి రాదు అనుకునేవాళ్ళం.

నేను హనుమాన్ జంక్షన్ నుంచి ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా నాన్నగారిది బట్టల కొట్టు. మామిడిపండు తినడం తెలుసు గానీ దాని వ్యాపారం నాకేం తెలుస్తుంది. మీ తాతయ్య, అత్తయ్యగారు, మావయ్యగారు, నేను, అప్పుడప్పుడే అడుగులు వేస్తున్న మీ నాన్న, ఇదీ ఇల్లు. మావయ్యగారు మామిడి బజార్లో పేరున్న షావుకారు. ఆయన బేరం చూడాలి నువ్వు. నోటితో మాట ఉండదు. ఎదుటివాడి చెయ్యి పట్టుకుని, పైన కండువా కప్పి, లోపల వేళ్ళు నొక్కడమే. ఈ వేలికి ఇంత, ఆ వేలికి ఇంత అని ఒక లెక్క. చుట్టూ పదిమంది నిలబడినా ధర ఎంతో ఆ ఇద్దరికే తెలుసు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా రసాలకీ, బంగినపల్లికీ, ఆ చెయ్యి ఎన్ని చేతులు పట్టుకునేదో. సాయంత్రం ఇంటికొచ్చి అదే చేతి వేలు మీ నాన్నకి అందించి, వసారాలో ఆ చివర నుంచి ఈ చివరకి నడిపించేవారు. మీ నాన్నకి ఆ వేలు తప్ప ఇంకెవరి వేలూ పనికొచ్చేది కాదు.

ఇంకో సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో కోడలు మావగారితో ఎదురుగా మాట్లాడేది కాదు. మరి పనులెలా జరిగేవంటావా, పిల్లాడి ద్వారా. నేను తలుపు చాటున నిలబడి, "నాన్నా, తాతయ్యగారిని భోజనానికి రమ్మను" అనేదాన్ని. ఆయన అక్కడి నుంచి, "వస్తున్నానని మీ అమ్మతో చెప్పరా" అనేవారు. మీ నాన్నకి అప్పటికి మాటలే రావు. మా ఇద్దరి మధ్యా కూర్చుని చొంగ కార్చుకుంటూ ఉండేవాడు, టెలిఫోను స్తంభంలాగా.

ఆ ఏడు కాయ దిగడం మొదలైన కొన్నాళ్ళకి మీ నాన్న ఏడవడం మొదలెట్టాడు. పగలంతా బానే ఉండి, పడుకోబెట్టగానే అరికాళ్ళు ఒకదానికొకటి రుద్దుకోవడం, చంకలు గోక్కోవడం, గుక్కపెట్టి ఏడవడం. అత్తయ్యగారు వేపాకు, పసుపు నూరి పట్టించారు. పిల్లాడు పచ్చగా తయారయ్యాడు గానీ దురద పోలేదు. తర్వాత నాకు మొదలైంది. తర్వాత మీ తాతయ్యకి. అత్తయ్యగారు ఒప్పుకునేవారు కాదు గానీ, రుబ్బురోలు దగ్గర కూర్చుని పప్పు కన్నా మోకాళ్ళే ఎక్కువ రుద్దేవారు. ఇక మావయ్యగారైతే గుమ్మానికి వీపు ఆనించి అటూ ఇటూ కదిలేవారు. ఆ గుమ్మానికి ఒకవైపు రంగంతా పోయి నున్నగా అయిపోయింది.

"సొనే తల్లీ, వానలు పడితే పోతుంది" అన్నారు అత్తయ్యగారు.

వానలు పడేదాకా నా పిల్లాడు ఏడుస్తూ ఉండాలా? మర్నాడే చంకనేసుకుని డాక్టరు గారి దగ్గరకి పోయాను. ఆయన వాడి అరచేయి తిప్పి చూశారు, నా వేళ్ళ సందులు చూశారు. "ఇంట్లో ఇంకెవరు గోక్కుంటున్నారమ్మా?" అన్నారు. అందరూనండి, అన్నాను. "ఇది సొన కాదు, గజ్జి. కంటికి కనపడని పురుగు, చర్మంలో బొరియ చేసుకుని ఉంటుంది. చేతుల నుంచి చేతులకి పాకుతుంది. దీనికి సిగ్గుపడాల్సింది ఏం లేదు, ఎవరికైనా వస్తుంది. కానీ అందరూ ఒకేరోజు మందు రాసుకోవాలి. ఒక్కరు మానేసినా మళ్ళీ మొదటికొస్తుంది" అని పాలలాంటి తెల్లటి మందు సీసాలు రాసిచ్చారు. మెడ దగ్గర నుంచి అరికాళ్ళ దాకా రాసుకుని ఒక రోజంతా ఉంచుకోవాలి, పిల్లాడికి నీళ్ళు కలిపి పల్చగా రాయాలి, బట్టలన్నీ ఉడకబెట్టాలి, వారం ఆగి ఇంకోసారి రాయాలి అని చెప్పారు.

సరేనని ఆ సాయంత్రమే మొదలెట్టాను. అబ్బ, ఆ మంట. మీ తాతయ్య ఫ్యాను కింద చేతులు చాపి నిలబడి, "ఇది గజ్జికి మందా, గజ్జి ఉన్నవాడికి శిక్షా?" అంటూ గెంతారు. (ఆయన ఉంటే ఈ ముక్క రాయనిచ్చేవారు కాదు. రాయి.) అత్తయ్యగారు మొదట బెట్టు చేసినా, మనవడి కోసమని రాయించుకున్నారు. మావయ్యగారు మాత్రం కదల్లేదు.

"నాది సొన అని మీ అమ్మతో చెప్పరా."

"డాక్టరుగారు కాదన్నారని చెప్పు నాన్నా."

"నలభై ఏళ్ళుగా మామిడికాయ మోస్తున్నా, సొనేదో నాకు తెలీదా అని అడుగు."

అంతే, అక్కడితో సరి. మేము ముగ్గురం బాగుపడ్డాం, మీ నాన్న హాయిగా నిద్రపోయాడు, నేను గెలిచాననుకున్నాను. కొన్నాళ్ళకి మళ్ళీ అరికాళ్ళు రుద్దడం మొదలు. మొదలవదా మరి, సాయంత్రమైతే తాతగారి వేలు పట్టుకుని వసారా అంతా ఊరేగుతున్నాడు కదా.

అప్పుడు నాకు పంతం వచ్చింది. ఆ సాయంత్రం మావయ్యగారు వచ్చి వేలు చాపగానే పిల్లాణ్ణి లాక్కుని గదిలోకి తీసుకుపోయాను. "తాతయ్యగారు మందు రాసుకునేదాకా నువ్వు ఆ వేలు ముట్టుకోవడానికి లేదు నాన్నా" అన్నాను, ఆయనకి వినపడేలాగానే. వీడు తలుపు దగ్గర కూర్చుని చేతులు చాపి ఏడుపు. అవతల ఆయన కండువాతో ముఖం తుడుచుకోవడం. నేను మాత్రం తలుపు తియ్యలేదు.

మర్నాడు ఆయన అత్తయ్యగారితో అన్న మాట వంటింట్లోకి వినపడింది. "ఆ మందు వాసన మైలు దూరం పోతుందే. అది పూసుకుని బజారుకి పోతే, నా కండువా కింద ఎవడు చెయ్యి పెడతాడు? ఈ సీజన్ పోతే ఏడాదంతా ఏం తింటాం?" అప్పటిదాకా మొండితనం అనుకున్నాను. భయం అని అప్పుడు తెలిసింది. ఆయన భయమూ నిజమే, నా పిల్లాడి ఒళ్ళూ నిజమే. రెండూ కుదిరే దారి కావాలి.

ఆ దారి మందుల షాపులో దొరికింది. మళ్ళీ సీసాలు కొందామని వెళ్తే, మా బజార్లోనే ఉండే గొడుగు షావుకారు (వానున్నా లేకపోయినా గొడుగు పట్టుకుని తిరిగేవారు, అందుకని ఆ పేరు) వాళ్ళావిడ అప్పుడే ఏదో కొంగు చాటున పెట్టుకుంటోంది.

"ఏంటండీ ఇలా వచ్చారు?" అన్నాను.

"మా ఆయనకి దగ్గండీ, దగ్గు మందు. మీరో?"

"మాకూ దగ్గేనండి."

ఇద్దరం మర్యాదగా చెరోసారి దగ్గాం. ఆవిడ వెళ్ళగానే షాపతను, "ఆ తెల్లమందు అయిపోయిందమ్మా, రేపు బెజవాడ నుంచి తెప్పిస్తా. ఏంటో, ఈ ఏడు మామిడి షావుకార్లందరికీ దగ్గే" అన్నాడు నవ్వకుండా.

దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను. చేతుల నుంచి చేతులకి పాకుతుందన్నారు డాక్టరుగారు. మావయ్యగారి చెయ్యి ఎవరెవరి చేతుల్లో ఉంటోంది రోజంతా? మా ఇల్లొక్కటీ బాగుపడి లాభం లేదు. ఆయన ఇవాళ మందు రాసుకున్నా రేపు కండువా కింద చెయ్యి పెట్టగానే మళ్ళీ తెచ్చుకుంటారు. బజారు బజారంతా ఒకేరోజు రాసుకోవాలి. ఇంటికి రాగానే అత్తయ్యగారికి చెప్పాను. ఆవిడ రుబ్బడం ఆపి నావైపు చూశారు.

"మగాళ్ళకి చెప్పామనుకో, ఈ గజ్జి ముందు ఎవడు తెచ్చాడో తేల్చడానికి కూర్చుంటారు. ఈలోపు కాయంతా పండి రాలిపోతుంది. ఆడవాళ్ళకి చెబుదాం" అన్నారు. చూడు, ఆవిడ బుర్ర.

ఆ శుక్రవారం మా ఇంట్లో పేరంటం. షావుకార్ల ఇళ్ళ ఆడవాళ్ళందరినీ పిలిచాం. బొట్టు పెట్టి, పసుపు రాసి, తాంబూలంలో ఆకులూ, వక్కా, అరటిపండూ, పక్కన బెజవాడ నుంచి వచ్చిన తెల్లమందు సీసా ఒక్కోటి పెట్టి ఇచ్చాం. గొడుగు షావుకారు వాళ్ళావిడ సీసా ఎత్తి చూసి, "దగ్గు మందా వదినగారూ?" అంది. ఇక చూడు, నవ్వలేక చచ్చాం. నవ్వాగాక ఒకావిడ తన మోచేతులు చూపించింది, ఇంకొకావిడ మనవరాలి సంగతి చెప్పి కళ్ళు తుడుచుకుంది. ప్రతి ఇంట్లోనూ మా ఇంట్లో బాధే, ప్రతి ఇంట్లోనూ సొనే. అమావాస్య నాడు బజార్లో బేరాలుండవు కాబట్టి ఆ సాయంత్రం అందరి ఇళ్ళలోనూ ఒకేసారి రాయాలని, ఎవరూ మొగుడికి మిగతా ఇళ్ళ సంగతి చెప్పకూడదని అనుకున్నాం.

అమావాస్య వచ్చింది. మేమూ మళ్ళీ రాసుకుని, పిల్లాడికీ రాశాం. నేను మీ నాన్నకి తలకి నూనె రాసి, జుట్టు దువ్వి, తలుపు తీసి గడపలో నిలబెట్టాను. "తాతయ్యా, మందు రాసుకుంటే రేపటికల్లా మీ వేలు పట్టుకుంటానని చెప్పు నాన్నా." వాడు ఏం చెప్పాడో దేవుడికెరుక, ఏదో కూశాడు, రెండు చేతులూ చాపాడు. మావయ్యగారు చాలాసేపు వాడినే చూశారు. తర్వాత చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, పెరట్లోకి నడిచారు. అత్తయ్యగారు గుడ్డముక్కతో సున్నం వేసినట్టు పూస్తుంటే, ఆయన చేతులు బారజాపి, కళ్ళు మూసుకుని, దేవుళ్ళ పేర్లన్నీ వరసగా పిలిచారు. ఈలోపు ఆయన బట్టలన్నీ నేను కాగులో వేసి ఉడకబెట్టేశాను, బజారుకి వేసుకెళ్ళే ఎర్రంచు కండువాతో సహా. కండువా తీసేసరికి అంచు రంగంతా దిగి, గులాబీ రంగులో తేలింది. ఆయన దాన్ని తీసుకెళ్ళి తనే దండెం మీద ఆరేసుకున్నారు. నన్ను తిట్టినా బాగుండేది, నాకు ప్రాణం లేచొచ్చేది.

పొద్దున్నే వాసన తెలీకుండా ఒంటి నిండా గంధం పూసుకుని, ఆ గులాబీ కండువా భుజాన మడతపెట్టి బయలుదేరారు. నేను తులసికోట దగ్గర నిలబడి దండం పెట్టుకున్నాను. ఇవాళ ఎవరూ ఆయన కండువా కింద చెయ్యి పెట్టకపోతే, ఈ ఇంట్లో నా ముఖం ఎలా చూపించాలి?

అక్కడ జరిగింది మీ తాతయ్య చూసొచ్చి చెప్పారు. గొడుగు షావుకారు అత్తరు కొట్టుకుని వచ్చాడట. ఇంకొకాయన ఒంటి నిండా విభూతి, మరొకాయన కర్పూరం. అందరూ ఎడంఎడంగా కూర్చున్నారట, బండ్ల నిండా కాయ ఉన్నా బేరం మొదలెట్టేవాడు లేడు.

"ఏంటి షావుకారూ, ఇంత గంధం, ఇంట్లో శుభకార్యమా?" అన్నాడట గొడుగాయన.

"మీ అత్తరు చూసి మీ ఇంట్లో అనుకున్నా" అన్నారట మావయ్యగారు.

చివరికి ఎండ ఎక్కుతోందని మావయ్యగారే లేచి, ధైర్యం చేసి కండువా విప్పారట. రంగు దిగిన అంచు అందరికీ కనపడింది. గొడుగాయన తన కండువా విప్పాడు, ఆకుపచ్చ అంచు మరకలు మరకలు. ఇంకొకాయన కండువాకి పసుపంచు రంగు గుడ్డంతా పాకింది. ఒకళ్ళ కండువా ఒకళ్ళు చూసుకున్నారట. గొడుగాయన గొడుగు పక్కన పెట్టి, "కానివ్వండి, అందరం ఉడికినవాళ్ళమే" అని ముందుగా చెయ్యి పెట్టాడట. ఆ రోజు బేరాలు చీకటిపడే దాకా సాగాయి.

ఇంటికొచ్చి స్నానం చేసి, మావయ్యగారు వసారాలో వేలు చాపారు. నేను మీ నాన్నని వదిలాను. వాడు పరిగెత్తి ఆ వేలు పట్టుకున్నాడు. ఆయన వాణ్ణి చూస్తూ, "మీ అమ్మ గానీ బజార్లో దిగితే మాకెవరికీ కాయ మిగలదురా" అన్నారు. తర్వాత తలెత్తి, మొట్టమొదటిసారి నా వైపే చూసి, "అమ్మాయ్, రెండోసారి రాయాల్సింది ఏ రోజో బజార్లో నేనే చెప్తాను. నువ్వు రోజు చెప్పు, చాలు" అన్నారు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. పక్కన పిల్లాడుంటేనే కదా నాకు ఆయనతో మాట్లాడ్డం వచ్చేది.

ఇప్పటికీ ఎవరైనా గోక్కుంటే నా కళ్ళు ముందు వేళ్ళ సందుల్లోకే పోతాయి. మొన్న మోకాళ్ళ నొప్పితో మెట్లు దిగలేకపోతుంటే మీ నాన్న వచ్చి చెయ్యి అందించాడు. పట్టుకుని, ఊరికే ఉండలేక, ఆ అరచేయి తిప్పి చూశాను.

"ఏంటమ్మా చూస్తున్నావ్?" అన్నాడు.

"ఏం లేదురా, నడిపించు" అన్నాను.