జర ఉరికి రా

మొన్న పొద్దున ఉప్పుగూడ స్టేషన్‌లో లోకల్ రైలు కదులుతుంటే, తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు మెట్లు దిగి వస్తున్న ఒకాయనను చూసి "ఉరుకన్నా, ఉరుకు!" అని అరిచారు. నాకు ఎక్కే పని లేకపోయినా నా కాళ్లు ముందుకు పడ్డాయి.

మా ఇంట్లో ఆ మాట దూరపు పరుగుకు వాడేది కాదు. ఒక్క ఊపిరిలో పోయి వచ్చేంత మేరకే. పాలు పొంగితే ఉరుకు, నల్లా నీళ్లు వస్తే ఉరుకు, కొత్తిమీర మరిచిపోతే "జర ఉరికి రా బిడ్డా" అనేది అమ్మ. రైలుకు మాత్రం మా గల్లీలో ఒక పద్ధతి ఉండేది: పనికి పోయే మనిషి ఉత్త చేతులతో ఉరికి చోటు పట్టుకోవాలి, ఇంట్లోవాళ్లు ఎవరో ఒకరు వెనకాలే అన్నం డబ్బా తెచ్చి కిటికీలోంచి అందించాలి. అమ్మ బాపుకు ఏళ్ల తరబడి అట్లా అందించింది, ఒక్కనాడూ తప్పలేదు.

నేను బడి మధ్యలో మానేసి, లెక్కలు సొంతంగా నేర్చుకుని, ప్రైవేటుగా పరీక్ష కట్టి పాసైనాక ఒక కంపెనీలో గుమాస్తా పనికి పిలుపు వచ్చింది. సర్టిఫికెట్లు లేనిదే లోపలికి రానివ్వమన్నారు. పోవాల్సిన రోజు స్టేషన్ దారిలో రైలు కూత వినగానే అమ్మ అలవాటుగా నా చేతిలోని సర్టిఫికెట్ల సంచీ గుంజుకుని, "ఇటియ్యి, నువ్వు ఉరుకు" అంది.

ఆ రోజు రైలు ఎక్కువసేపు ఆగలేదు. కిటికీ చువ్వల్లోంచి భుజం దాకా చెయ్యి చాపి, "ఉరుకమ్మా!" అని మొదటిసారి నేను ఆమెకు చెప్పాను. కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో సంచీ చాపి ఆమె ఉరికింది, నా పక్కనున్న పెద్దమనిషి కూడా "జల్దీ అమ్మా, జల్దీ!" అన్నాడు, సంచీ అంచు నా వేళ్లకు తగిలింది, అంతలోనే ప్లాట్‌ఫాం అయిపోయింది.

తర్వాతి స్టేషన్‌లో దిగి, ఎదురు రైలు పట్టుకుని తిరిగి వచ్చేసరికి అమ్మ అక్కడే నేల మీద, సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వేళ మించిపోయిందని ఇద్దరికీ తెలుసు.

"లెక్క నీకు ఎరుకే గద బిడ్డా, ఇంకింత ఉరికితే అందుతుండెనా?"

రైలు వేగాన్నీ ఆమె అడుగునూ నా మనసు అప్పటికే బేరీజు వేసింది. ఎంత ఉరికినా అందకపోతుండెనని నిజమే చెప్పాను. ఆమె నమ్మలేదు. ఆ పని ఇంకొకరికి పోయింది, తర్వాత నాకు వేరే పని దొరికింది, అయినా బియ్యం ఏరుతూ ఏరుతూ ఆగి మళ్లీ అదే అడిగేది. నేను మళ్లీ అదే చెప్పేవాణ్ణి. ఎందరికో లెక్క తేల్చి చెప్పిన నేను ఆ ఒక్క లెక్కకు ఆమెను ఒప్పించలేకపోయాను.

ఇప్పుడు ఇంట్లో కాగితం మరిచిపోతే ఫోటో తీసి పంపుతారు, తర్వాతి స్టేషన్ రాకముందే అది ఫోనులోకి చేరిపోతుంది. మంచిదే. ఇప్పటి తల్లులకు ఆ ఫికర్ లేదు. మా అమ్మ మాత్రం తన కాళ్లదే తప్పనుకుంటూ పోయింది.