పాదాల మీది చేయి

అందరూ బాగున్నారా? పెద్దవాళ్ల మోకాళ్లు ఎట్లున్నాయి? పిల్లల దగ్గు తగ్గిందా? బాలింతలు వేళకు తింటున్నారా? ఒక్కొక్కరినీ అడగందే నాకు మనసు నిలవదు. అడిగినంత మాత్రాన ఎవరూ నిలవరు, అదీ తెలుసు. మా పక్కింటి డ్రిల్లు టీచరమ్మ ఆళ్లగడ్డలో, వాళ్ల చెల్లెలింట్లో పోయింది. టెలిగ్రాం నా చేతికి వచ్చేసరికి మట్టి చేసేశారు.

నంద్యాలలో మా రెండిళ్లకూ గోడ ఒకటే. ఆమె మిషను బడిలో ఆడపిల్లలకు డ్రిల్లు చెప్పేది. మెడలో విజిలు ఇంట్లో కూడా తీసేది కాదు. నడుము పట్టేసి నేను గోడ పట్టుకుని నడిచే రోజుల్లో డాక్టరు మందులు మార్చి మార్చి, చివరికి మంచమే గతి అన్నాడు. నన్ను ఎత్తి కూర్చోబెట్టాల్సింది కోడలు. ఆ పిల్ల ఒక్క మాట అనదు. అననందుకే నాకు భయం. సంగతి విని టీచరమ్మ చాప తెచ్చింది.

"నేల మీద పండుకో. కడుపు లోపలికి లాక్కో. వీపు చాపకు అంటుకోవల్ల. ఊపిరి ఇడుస్తా మెల్లగా లెయ్."

"లేస్తా లేస్తా నడుము ఇరిగితే?"

"ఇరిగిందాన్నే కదా బాగు చేస్తాండేది. లెయ్మా."

లేవబోతే నా కాళ్లు గాలిలోకి తేలేవి. ఆమె వంగి రెండు పాదాలూ నేలకు అదిమి పట్టేది. అంత పెద్దామె నా కాళ్లు పట్టుకుంటే పాపం తగలదా? లేచి కూర్చోగానే ఆమె కాళ్లకు మొక్కేదాన్ని.

"మొక్కేదానికైతే బాగానే వంగుతాంది నీ నడుము," అనేది.

ఒకరోజు తలుపు తీసి ఉంది. కూరగాయలామె తొంగి చూసి, చాప మీద కాళ్లు చాపుకున్న నన్నూ, కాళ్ల దగ్గర టీచరమ్మనూ చూసి, నేను పోయాననుకుని గంప దించి ఏడ్చింది. వీధంతా వచ్చింది. టీచరమ్మ మాత్రం పాదాలు వదలలేదు. "ఉండండమ్మా, ఇప్పుడే లేస్తాది," అంది. లేచాను.

"ఊపిరి బిగబట్టుకోని బతకాకు," అని నాతో ఎన్నోసార్లు చెప్పింది. "ఒకనాటికి నేను పట్టుకోకుండానే లేస్తావ్," అని కూడా చెప్పింది.

బడి నుంచి రిటైరయ్యాక ఆళ్లగడ్డకు వెళ్లిపోయింది. జబ్బు పడిందని తెలిసి చూడబోతే మంచంలో ఉంది.

"ఏందీ, మానేసినావా? పండుకో ఈడ."

మంచం పక్కన నేల మీద పడుకున్నాను. ఆమె పక్కకు ఒరిగి, చేయి కిందికి జార్చి నా పాదాల మీద పెట్టింది. చేయి ఉంది గానీ బరువు లేదు. కాళ్లు తేలిపోయాయి. వాళ్ల చెల్లెలు వచ్చి నన్ను లేపింది.

"ఇంగోసారి చూద్దాంలే," అని టీచరమ్మ గోడవైపు తిరిగింది.

ఇప్పుడు పాదాల మీద జొన్నమూట పెట్టించుకుంటున్నాను. బరువైతే ఉంది, నేనెప్పుడు లేస్తానో దానికి తెలియదు. రోజూ కోడలే వచ్చి లేపుతోంది. డాక్టరు మాటే నిజమవుతోంది.

సమాధి దగ్గర ప్రార్థన పెట్టారట. ఆమె కాళ్లు ఏ వైపున ఉన్నాయో వాళ్ల చెల్లెల్ని అడగాలి. అటువైపే వంగుతాను. లేవడం సంగతి తెలియదు. వచ్చే బేస్తవారం, పొద్దుటి బస్సుకు పోతాను.